నీడ తోటల్లో శీతాకాలపు పరిమళ పొద: డాఫ్నే భోలువా సాగు

ఉపోద్ఘాతం

సమశీతోష్ణ మండలపు ఉద్యానవనాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూలు అరుదు. చెట్ల కింద, భవనాలకు ఉత్తర దిక్కున ఉండే నీడ స్థలాల్లో ఈ కొరత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నీడను ఓర్చుకుంటూ, ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటూ, చలికాలంలోనే పూచి సువాసన వెదజల్లే పొదలు వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది హిమాలయాల్లో సహజంగా పెరిగే డాఫ్నే భోలువా.

ఈ మొక్కకు రెండు జీవితాలు ఉన్నాయి. బ్రిటన్ తదితర దేశాల తోటల్లో ఇది పరిమళం కోసం పెంచే అలంకార పొద. నేపాల్ కొండల్లో ఇది ‘లోక్తా’. దీని నార బెరడు చేతి కాగితానికి ముడిసరుకు. తోటమాలికి పువ్వు కావాలి, కొండ రైతుకు బెరడు కావాలి. అయితే మొక్క ఆ ఇద్దరినీ కోరేది ఒక్కటే: పలుచని నీడ, ఆకు కుళ్లిన తేమ నేల, కదిలించని వేరు. ఈ మూడింటిని విస్మరించిన చోట తోటలో మొక్క అకస్మాత్తుగా ఎండిపోతుంది, అడవిలో పొద తిరిగి చిగురించదు. ఈ దృష్టితో డాఫ్నే భోలువా స్వభావం, సాగు పద్ధతులు, బెరడు సేకరణలో పాటించవలసిన నియమాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

వృక్షశాస్త్ర పరిచయం

డాఫ్నే భోలువా థైమెలియేసీ కుటుంబానికి చెందింది. భారతీయులకు చిరపరిచితమైన అగరు వృక్షం కూడా ఈ కుటుంబంలోనిదే. బెరడులో పొడవైన, బలమైన నార ఉండటం ఈ కుటుంబపు ప్రధాన లక్షణం. అస్సాంలో పూర్వం గ్రంథాలు రాయడానికి వాడిన ‘సాంచీపాత్’ అగరు చెట్టు బెరడు నుంచి తయారైనదే. లోక్తా కాగితం వెనుక ఉన్న గుణం ఈ మొక్కకు మాత్రమే పరిమితం కాదని దీనివల్ల అర్థమవుతుంది.

ఈ జాతిని శాస్త్రీయంగా గుర్తించడంలో ఫ్రాన్సిస్ బుకానన్-హామిల్టన్ కృషి ఉంది. 1800లో మద్రాసు నుంచి బయలుదేరి మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాల వ్యవసాయ పరిస్థితులను సర్వే చేసిన ఈ వైద్యుడు 1802-03లో నేపాల్‌లో మొక్కలను సేకరించాడు. ఆ సేకరణల ఆధారంగా డేవిడ్ డాన్ 1825లో ప్రచురించిన నేపాల్ వృక్షజాల గ్రంథంలో ఈ జాతి వర్ణన చోటుచేసుకుంది. జాతి నామమైన ‘భోలువా’ స్థానిక నామం నుంచి గ్రహించినదే.

మొక్క నిటారుగా పెరిగి సాధారణంగా 2 నుంచి 3 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అనుకూల పరిస్థితుల్లో అంతకు మించి కూడా పెరుగుతుంది. కాండం గోధుమ రంగులో, వంచినా సులభంగా విరగని సాగుడు గుణంతో ఉంటుంది. ఆకులు బల్లెం ఆకారంలో, దళసరిగా, ముదురాకుపచ్చగా ఉంటాయి. పూలు కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. మొగ్గ దశలో ఊదా-గులాబీ రంగులో ఉండి, విచ్చుకున్నాక లోపల తెలుపుగా, వెలుపల గులాబీ ఛాయతో కనిపిస్తాయి. వీటిలో ఆకర్షణ పత్రాలు లేవు. గొట్టంలా కలిసి చివర నాలుగు తమ్మెలుగా విడిన రక్షక పత్రాలే పువ్వుకు రూపాన్నీ రంగునూ ఇస్తాయి. గొట్టం లోపల ఎనిమిది కేసరాలు రెండు వరుసల్లో అమరి ఉంటాయి. కాయలు పండినప్పుడు నలుపు రంగుకు మారతాయి.

చలికాలంలో ఎగిరే కీటకాలు తక్కువ. ఉన్న కొద్దిపాటి కీటకాలను దూరం నుంచి రప్పించడానికి దట్టమైన అడవి నీడలో రంగు కంటే వాసన ఎక్కువగా ఉపకరిస్తుంది. శీతాకాలంలో పూచే అనేక పొదలు చిన్న పూలతోనే తీవ్రమైన పరిమళాన్ని కలిగి ఉండటానికి వృక్షశాస్త్రజ్ఞులు చూపే కారణం ఇదే.

సహజ ఆవాసం

డాఫ్నే భోలువా నేపాల్, సిక్కిం, డార్జిలింగ్ కొండలు, భూటాన్, అరుణాచల్ ప్రదేశ్, దక్షిణ టిబెట్ ప్రాంతాల్లో సుమారు 1,800 నుంచి 3,600 మీటర్ల ఎత్తుల్లో కనిపిస్తుంది. ఓక్, రోడోడెండ్రాన్, మరింత ఎత్తున ఫర్ వృక్షాల కింద ఇది రెండవ అంతస్తు పొదగా పెరుగుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ మొక్క స్వభావం మారుతుంది. తక్కువ ఎత్తుల్లోని మొక్కలు సతత హరితాలు. అధిక ఎత్తుల్లో తీవ్రమైన చలికి గురయ్యే మొక్కలు ఆకు రాల్చి, ఆకు లేని కొమ్మల మీదే పూస్తాయి. కనుక తోటకు మొక్కను ఎంచుకునేటప్పుడు జాతి పేరు ఒక్కటే చాలదు. అది ఏ ఎత్తు నుంచి వచ్చిన రకమో కూడా తెలుసుకోవాలి.

ఈ ఆవాసాన్ని పరిశీలిస్తే సాగుకు కావలసిన సూత్రాలన్నీ లభిస్తాయి. పైన పందిరి వేసినట్టున్న చెట్లు ఎండను వడకట్టి పంపుతాయి. ఏటా రాలే ఆకులు నేల మీద మెత్తని పొరగా ఏర్పడి వేరును చల్లగా ఉంచుతాయి. వేసవి రుతుపవనాలు పుష్కలంగా తేమను ఇస్తాయి. అయితే వాలు నేల కావడంతో నీరు నిలవదు. నీడ, తేమ, మురుగు నీటి పారుదల ఒకేచోట కలిసి ఉండటమే ఇక్కడి విశేషం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ మొక్కను కాపాడలేవు.

ముఖ్యమైన రకాలు

తోటల్లో ప్రాచుర్యం పొందిన రకాల్లో ‘గూర్ఖా’ మొదటిది. దీనిని 1962లో తూర్పు నేపాల్‌లో టామ్ స్ప్రింగ్-స్మిత్ సేకరించాడు. అధిక ఎత్తు నుంచి వచ్చింది కనుక ఇది ఆకు రాల్చే రకం. చలిని బాగా తట్టుకుంటుంది. 1982లో ఇంగ్లండ్‌లోని హిల్లియర్ నర్సరీలో ప్రవర్ధన నిపుణుడు అలన్ పోస్టిల్ ‘గూర్ఖా’ విత్తన మొలకల నుంచి ఒక సతత హరిత మొక్కను ఎంపిక చేసి, తన భార్య పేరిట ‘జాక్వెలిన్ పోస్టిల్’ అని నామకరణం చేశాడు. పెద్ద పూలు, నిండైన పూత, దీర్ఘమైన పూత కాలం, గాఢమైన పరిమళం కారణంగా నేడు విస్తృతంగా పెంచుతున్న రకం ఇదే. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారి ఉద్యాన ప్రతిభా పురస్కారం కూడా దీనికి లభించింది. ‘డార్జిలింగ్’ అనే మరో రకం లేత రంగు పూలతో ముందుగా పూతకు వస్తుంది.

ఆకు రాల్చే తల్లి మొక్క విత్తనం నుంచి సతత హరిత మొక్క రావడం విద్యార్థులు గమనించదగిన అంశం. ఈ జాతిలో విత్తన సంతతి తల్లిని పోలి ఉండదు. రకం శుద్ధత కావలసిన చోట శాఖీయ ప్రవర్ధనమే మార్గం. కొత్త రకాల ఎంపికకు విత్తన ప్రవర్ధనం మార్గం.

స్థలం ఎంపిక

నీడ అంటే చీకటి కాదు. దట్టమైన పందిరి కింద రోజంతా వెలుతురు అందని చోట మొక్క బతికినా కొమ్మలు సన్నగా సాగి పూత తగ్గిపోతుంది. ఉదయపు ఎండ కొంతసేపు తగిలి, మధ్యాహ్నపు ఎండ నుంచి రక్షణ ఉండే చోటు శ్రేష్ఠం. ఆకు రాల్చే చెట్ల కింద నాటితే వేసవిలో నీడ, పూత సమయంలో వెలుతురు రెండూ లభిస్తాయి. అరకు, పాడేరు ప్రాంతాల్లో సిల్వర్ ఓక్ కింద కాఫీ సాగు చేసే రైతులు పై చెట్ల కొమ్మలను నరికి నీడను క్రమబద్ధం చేసే విధానం విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినదే. ఇక్కడా సూత్రం అదే: నీడను ఉన్నదున్నట్టు వదిలివేయక మొక్క అవసరానికి తగినట్టు సవరించాలి.

చల్లని గాలులు నేరుగా వీచే చోటును విడిచిపెట్టాలి. గాలి తాకిడికి ఆకులు అంచుల వెంబడి మాడిపోవడమే కాక పరిమళం కూడా చెదిరిపోతుంది. గోడల మూల, ఇంటి ద్వారం పక్కన, నిత్యం నడిచే బాట వెంట నాటడం మేలు. చలికాలంలో తోట లోపలి భాగాలకు మనుషులు వెళ్లడం అరుదు. కనుక వాసన ఆస్వాదించడానికి వీలైన చోటునే మొక్కకు కేటాయించాలి.

నేల, నాటే విధానం

సేంద్రియ పదార్థం పుష్కలంగా ఉండి, నీరు నిలవని నేలలు అనుకూలం. స్వల్ప ఆమ్లం నుంచి తటస్థం వరకు ఉదజని సూచిక కలిగిన నేలల్లో మొక్క బాగా పెరుగుతుంది. బరువైన బంకనేలల్లో గుంత తవ్వి అందులో మాత్రమే మంచి మట్టి నింపితే ఆ గుంత నీటి తొట్టిగా మారుతుంది. అటువంటి చోట నేల మట్టం కంటే కొంత ఎత్తుగా మడి కట్టి నాటాలి. పెద్ద చెట్ల మొదళ్లకు మరీ దగ్గరగా నాటితే వాటి వేళ్లు తేమను లాగివేస్తాయి; నీడ ఉన్నా నేల పొడిగా ఉంటుంది. నీడ తోటల్లో తరచుగా ఎదురయ్యే సమస్య ఇదే.

కుండీలో పెరిగిన చిన్న వయసు మొక్కలనే నాటాలి. డాఫ్నే వేళ్లు కండగలిగి, శాఖలు తక్కువగా ఉంటాయి. తెగిన వేరు త్వరగా తిరిగి పెరగదు. అందువల్ల ఒకసారి నాటిన మొక్కను మరోచోటికి మార్చడం దాదాపు దానిని కోల్పోవడమే. గుంతను వేరుముద్ద కంటే రెండింతల వెడల్పున తవ్వి, తవ్విన మట్టిలో బాగా మాగిన ఆకు ఎరువు కలిపి, మొక్క కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాలి. మొదలు మట్టితో కప్పబడితే కుళ్లు సోకే ప్రమాదం ఉంది.

నాటిన తరువాత 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఆకు ఎరువుతో నేలను కప్పాలి. ఈ కప్పు కాండానికి తగలకుండా కొద్ది దూరం వదలాలి. ఏటా ఈ పొరను పునరుద్ధరిస్తే అడవి నేలపై సహజంగా జరిగే పోషకాల ప్రక్రియ తోటలోనూ కొనసాగుతుంది. రసాయనిక ఎరువుల అవసరం స్వల్పంగానే ఉంటుంది. మొక్క చుట్టూ గొప్పు తవ్వరాదు. కలుపును చేత్తో తీయాలి. మొదటి రెండు వేసవుల్లో నేల ఆరకుండా నీరు పెట్టాలి. బెట్టకు గురైన మొక్క ఆకు రాల్చుతుంది. నీరు నిలిచినా ఆకు రాల్చుతుంది. రెండు స్థితుల్లోనూ లక్షణం ఒకటే కనుక నీరు పెట్టే ముందు మట్టిని చేత్తో తవ్వి తేమ పరీక్షించడం అవసరం.

ప్రవర్ధనం

విత్తనం ద్వారా: నల్లగా పండిన కాయలను సేకరించి, గుజ్జు తొలగించి వెంటనే విత్తాలి. ఆరబెట్టి నిల్వ చేసిన విత్తనంలో మొలకశక్తి వేగంగా తగ్గుతుంది. కాయల గుజ్జు విషపూరితం కనుక చేతి తొడుగులు ధరించాలి.

పిలకల ద్వారా: సొంత వేరుపై పెరిగిన మొక్కలు మొదలుకు కొంత దూరంలో వేరు పిలకలు వేస్తాయి. తగినన్ని వేళ్లు ఏర్పడిన పిలకను తల్లి మొక్కకు హాని కలగకుండా వేరు చేసి ముందుగా కుండీలో పెంచాలి.

అంటు ద్వారా: కొమ్మ ముక్కలకు వేళ్లు రావడం కష్టం. అందువల్ల నర్సరీల్లో డాఫ్నే జాతుల విత్తన మొలకలను వేరు మూలంగా ఉపయోగించి అంటు కట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది. అంటు మొక్కల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మొదలు కింది నుంచి వచ్చే పిలకలు వేరు మూలానివి, ఎంచుకున్న రకానివి కావు. వాటిని తొలగించకపోతే కాలక్రమంలో అసలు రకం అణగారిపోతుంది.

కణజాల వర్ధనం ద్వారా: ఇటీవలి దశాబ్దాల్లో ఈ పద్ధతి ద్వారా మొక్కల లభ్యత పెరిగింది. ఇలా వచ్చిన మొక్కలు సొంత వేరుపై ఉంటాయి కనుక వాటి పిలకలు కూడా అసలు రకాన్నే పోలి ఉంటాయి.

కత్తిరింపులు, సస్యరక్షణ

తోటలో ఈ పొదకు క్రమం తప్పని కత్తిరింపులు అవసరం లేదు. పూత కొమ్మల చివర వస్తుంది కనుక పూత ముగిసిన వెంటనే ఎండిన, దారి తప్పిన కొమ్మలను మాత్రమే తీసివేయాలి. ఆ తరువాత కత్తిరిస్తే మరుసటి శీతాకాలపు పూత నష్టపోతుంది.

పేనుబంక లేత చిగుళ్లపై ఆశిస్తుంది. రసం పీల్చడం కంటే వైరస్ తెగుళ్లను వ్యాపింపజేయడం వల్ల దీనితో నష్టం ఎక్కువ. ఆకులపై పసుపు చారలు, వంకర పెరుగుదల కనిపించిన మొక్కలకు చికిత్స లేదు, వాటిని తొలగించాలి. అటువంటి మొక్కల నుంచి పిలకలు గానీ అంటు కొమ్మలు గానీ తీసుకోరాదు. ఆకుమచ్చ తెగులు సోకితే రాలిన ఆకులను ఏరి నాశనం చేయాలి. వేరుకుళ్లు నీరు నిలిచే నేలల్లో వస్తుంది. నివారణ నాటే ముందే జరగాలి, సోకాక చేయగలిగింది స్వల్పం.

మొక్కలోని అన్ని భాగాలు, ముఖ్యంగా కాయలు విషపూరితం. రసం చర్మానికి తగిలితే మంట, బొబ్బలు కలగవచ్చు. పిల్లలు ఆడుకునే చోట, పశువుల కొట్టాల పక్కన నాటరాదు.

బెరడు సేకరణ: అడవిలో పాటించవలసిన నియమాలు

నేపాల్‌లో డాఫ్నే భోలువాతో పాటు తెల్లని పూలు పూచే దాని సమీప జాతి డాఫ్నే పాపిరేసియా బెరడును కూడా లోక్తాగానే వ్యవహరిస్తారు. కొమ్మ నుంచి బెరడు ఒలిచి, పై నల్లని పొర గీకివేసి, లోపలి తెల్లని నారను నానబెట్టి, క్షార ద్రవంలో ఉడికించి, చెక్క సుత్తులతో దంచి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును నీటిలో తేలే గుడ్డ చట్రంపై పరచి ఎండలో ఆరబెడితే కాగితం సిద్ధమవుతుంది. పురుగు పట్టకపోవడం, చిరగకపోవడం ఈ కాగితపు ప్రసిద్ధ గుణాలు. అందుకే ప్రభుత్వ దస్తావేజులకు, ధార్మిక గ్రంథాలకు దీనిని తరతరాలుగా వాడారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ ప్రాంతంలో మోన్పా తెగవారు డాఫ్నే పాపిరేసియా బెరడుతో చేసే ‘మోన్ షుగు’ కాగితం ఈ కోవలోనిదే. అంతరించే దశకు చేరిన ఈ వృత్తిని పునరుద్ధరించడానికి ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2020 డిసెంబరులో తవాంగ్‌లో ఉత్పత్తి కేంద్రాన్ని ప్రారంభించింది.

వృత్తి పునరుద్ధరణతో పాటు ముడిసరుకు ప్రశ్న కూడా ముందుకు వస్తుంది. ముదిరిన కాండాన్ని నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో పదునైన కత్తితో కోస్తే మోడు నుంచి, వేరు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. తిరిగి కోతకు రావడానికి సాధారణంగా 5 నుంచి 8 సంవత్సరాలు పడుతుంది. నిలిచి ఉన్న కాండం చుట్టూ బెరడు ఒలిచితే పై భాగం ఎండిపోతుంది. వేరుతో పెకలిస్తే పొద శాశ్వతంగా పోతుంది. లేత కొమ్మలను కోస్తే నార తక్కువ, తరువాతి కోతకు ఆధారమూ మిగలదు. కాబట్టి అడవిని భాగాలుగా విభజించి ఏటా ఒక భాగంలోనే కోత జరపడం, ప్రతి పొదలో లేత కాండాలను విడిచిపెట్టడం అవసరం. నేపాల్‌లో 1993 అటవీ చట్టం కింద ఏర్పడిన సముదాయ అటవీ వినియోగదారుల సంఘాలు ఇటువంటి కోత ప్రణాళికల అమలుకు తగిన వ్యవస్థలు.

తోటలో వద్దన్న గట్టి కత్తిరింపు అడవిలో ఎందుకు చెల్లుతుందన్న సందేహం కలగవచ్చు. తోటమాలి ప్రతి ఏటా పువ్వు కోరతాడు. బెరడు సేకరించేవాడు ఐదారేళ్లకు ఒకసారి కాండం కోరతాడు. కోత తరువాత కోలుకోవడానికి మొక్కకు కావలసిన కాలం రెండవ పద్ధతిలో లభిస్తుంది. పైగా అడవి పొదలన్నీ సొంత వేరుపై ఉన్నవే. అంటు మొక్కను అదే విధంగా మొదలంటా నరికితే చిగురించేది వేరు మూలమే.

తెలుగు ప్రాంతాలకు అన్వయం

డాఫ్నే భోలువా చల్లని పర్వత ప్రాంతపు మొక్క. 40 డిగ్రీల సెల్సియస్ దాటే వేసవి గల ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాలకు ఇది తగదు. తూర్పు కనుమల్లోని ఎత్తైన ప్రాంతాలు కూడా దీని సహజ ఆవాసపు ఎత్తుకు దిగువన ఉన్నాయి. పరిమళం, అరుదైన పూత వంటి ఆకర్షణలు చూసి పెంపకందారులు దీనిని మైదానాల్లో నాటడానికి ప్రయత్నించకుండా విస్తరణ సిబ్బంది ముందే వివరించాలి.

తెలుగు విద్యార్థులకు ఇందులో గ్రహించదగినది మొక్క కంటే పద్ధతి. ఒక మొక్క అడవిలో ఏ అంతస్తున, ఎటువంటి నేలలో, ఏ రుతువులో ఎంత తేమతో పెరుగుతుందో ముందు పరిశీలించి, ఆ పరిస్థితులను తోటలో కల్పించడం ఆ పద్ధతి. నీడలో పెంచదగిన స్థానిక పొదల ఎంపికకూ, అటవీ ఉత్పత్తులపై ఆధారపడిన గిరిజన కుటుంబాలతో కోత నియమాలు రూపొందించడానికీ ఇదే మార్గం ఉపకరిస్తుంది.

ముగింపు

పలుచని నీడ, ఆకు ఎరువుతో కప్పిన చల్లని నేల, నీరు నిలవని వాలు, ఒకసారి నాటాక కదిలించని వేరు అనే నాలుగు నియమాలు పాటిస్తే డాఫ్నే భోలువా మరే పూలూ లేని రోజుల్లో తోటను సువాసనతో నింపుతుంది. అవే నియమాలు, కోత ఎత్తు, కోత వ్యవధి విషయంలో క్రమశిక్షణతో కలిసినప్పుడు హిమాలయ గ్రామాల కాగితపు వృత్తికి ముడిసరుకు తరగకుండా నిలుస్తుంది. కాండం కోసినా తిరిగి వస్తుంది, వేరు పోతే రాదు. ఈ పొద సాగుకైనా సంరక్షణకైనా మూలసూత్రం ఇదే.